నల్ల క్లాడింగ్‌ని పిల్లర్ గీసేసింది: హీట్ గన్ వాడాలా, ముక్క మార్చేయాలా?

బేస్‌మెంట్_బండి (మారతహళ్లి)

నమస్తే అందరికీ. బండి కాంపాక్ట్ ఎస్‌యూవీ, కొని మూడేళ్లు. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ మలుపులో పిల్లర్‌కి రాసుకుంది. రంగు వేసిన బాడీ బాగానే ఉంది, దెబ్బంతా ఎడమ వెనక చక్రం చుట్టూ ఉండే నల్ల క్లాడింగ్‌కే (బాడీ మీద బిగించే గరుకు ప్లాస్టిక్ పట్టీ).

గుర్తులన్నీ ఒక్కలా లేవు. అరచేయంత మేర పిల్లర్ మీది పసుపు పెయింటు అంటుకుంది. దాని పక్కన సన్నటి తెల్ల గీతలు, వేలితో రాస్తే తగలవు. ఒక్కచోట మాత్రం గోరు దిగేంత లోతు, రెండంగుళాల పొడవు, అంచుల వెంట ప్లాస్టిక్ పీచులా లేచింది. వెనక బంపర్ కింది మూలలో క్లిప్ దగ్గర చిన్న పగులు కూడా ఉంది. అక్కడ కూడా రంగు వేయని నల్ల ప్లాస్టిక్కే.

సర్వీస్ సెంటర్‌లో రెండూ మార్చాలంటున్నారు. బండ్లు కడిగే అబ్బాయేమో డ్యాష్‌బోర్డ్ పాలిష్ కొడితే ఏమీ కనపడదంటున్నాడు. ఇంట్లో చేసుకోగలిగింది ఎంత, బయట ఇవ్వాల్సింది ఎంత?

బంపర్_డాక్టర్ (పీణ్య)

ముందు ఆ పాలిష్ డబ్బా పక్కన పెట్టించండి. అందులో ఉండేది సిలికోన్ నూనె. రేపు ఆ ముక్కకి ప్రైమరో, గరుకు తెప్పించే టెక్స్చర్ స్ప్రేనో కొట్టాల్సి వస్తే, సిలికోన్ ఉన్నచోట పెయింటు నిలబడక పక్కకి జరిగి గుంటలు గుంటలుగా పడుతుంది. షెడ్లలో ఫిష్ ఐ అనేది దాన్నే. గరుకు ప్లాస్టిక్ సందుల్లో చేరిన సిలికోన్ ఒక తుడుపుతో పోయేది కాదు. మెరుపు కోసం పూసేది ఏదైనా సరే, అన్నీ అయ్యాక చివర్లోనే.

మీ పసుపు మచ్చ అసలు గీతే కాదు, ప్లాస్టిక్ మీద పడ్డ పూత. దాన్ని తీసేస్తే గానీ కింద ఎంత దెబ్బ తగిలిందో తెలీదు. నీడలో, బండి చల్లబడ్డాక పని మొదలెట్టండి. కార్ షాంపూతో బాగా కడగాలి, ఇసుక ఉండగా రుద్దితే కొత్త గీతలు మీరే గీసినట్టు. తర్వాత ఆల్ పర్పస్ క్లీనర్ (ఏపీసీ) ఒక వంతుకి నీళ్లు పది వంతులు కలిపి స్ప్రే చేసి, మెత్తటి టూత్‌బ్రష్‌తో చిన్న వలయాలుగా తోమండి. నిమిషం తిరక్కుండా కడిగేయండి, ఎండిపోతే అదే తెల్లగా మిగులుతుంది.

ఇంకా మిగిలితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మైక్రోఫైబర్ గుడ్డ తడిపి మచ్చ మీద అర నిమిషం అద్ది పెట్టి, అప్పుడు బ్రష్ వేయండి. ఎమల్షన్ రకం పెయింటైతే మెత్తబడి వచ్చేస్తుంది. పిల్లర్‌కి ఎనామిల్ కొట్టి ఉంటే ఆల్కహాల్‌కి లొంగదు. అప్పుడు టర్పెంటైన్ గుడ్డకి కొద్దిగా తడిపి తుడిచి, వెంటనే షాంపూ నీళ్లతో కడిగేయాలి. సందుల్లో ఇరుక్కున్న రేణువుల్ని చెక్క టూత్‌పిక్‌తో గీకండి, లోహపు మొనతో వద్దు.

ఎన్‌సీ థిన్నర్ (పెయింటు పలచబరిచే ఘాటైన ద్రావకం) జోలికి పోవద్దు. క్లాడింగ్ తట్టుకుంటుందేమో గానీ, పక్కనున్న బాడీ క్లియర్‌కోట్ (రంగు మీది పారదర్శక పూత), టెయిల్ ల్యాంప్ తట్టుకోవు. గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్ కూడా వద్దు. మ్యాజిక్ ఎరేజర్ పేరుతో అమ్మే తెల్ల స్పాంజి మెత్తగా కనిపిస్తుంది గానీ అది కూడా సన్నటి ఎమరీ లాంటిదే. గరుకు శిఖరాలు అరిగిపోయి ఆ చోటు నున్నగా మెరుస్తుంది, ఆ మెరుపు మళ్లీ పోదు.

పాలిమర్_పంతులు (జాలహళ్లి)

డాక్టర్ గారు చెప్పింది చేసేలోపు ఆ ముక్క ఏ ప్లాస్టిక్కో తేల్చుకోండి. మిగతా నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడతాయి.

రంగు వేయని గరుకు క్లాడింగ్, బంపర్ కింది భాగం చాలా బండ్లలో పాలిప్రొపిలీన్ (పీపీ). రబ్బరు గుణం కోసం ఈపీడీఎం, గట్టిదనం కోసం టాల్క్ పొడి కలుపుతారు. ముక్క వెనకవైపు బాణం గుర్తుల మధ్య అచ్చు వేసి ఉంటుంది: పీపీ+ఈపీడీఎం-టీడీ20 అంటే 20 శాతం టాల్క్ ఉన్నట్టు. గ్రిల్, అద్దాల టోపీలు ఎక్కువగా ఏబీఎస్ అనే వేరే ప్లాస్టిక్. నిగనిగలాడే డోర్ పిల్లర్ పట్టీలు యాక్రిలిక్ గానీ, ఏబీఎస్ కలిసిన రకం గానీ అవుతాయి.

అచ్చు కనపడకపోతే చాలామంది నీళ్ల పరీక్ష చెబుతారు: తేలితే పీపీ, మునిగితే ఏబీఎస్. ఇది సగమే నిజం. ఉత్త పీపీ సాంద్రత 0.9 కాబట్టి తేలుతుంది. 20 శాతం టాల్క్ పడితే 1.04 దాకా పోతుంది, అంటే ఏబీఎస్‌తో సమానంగా మునుగుతుంది. అంతకన్నా నమ్మకమైనది అసిటోన్ పరీక్ష. వెనకవైపు, కనపడని చోట, దూది పుల్లతో ఒక చుక్క పెట్టండి. ఏబీఎస్ అయితే క్షణాల్లో జిగటగా మారి దూదికి నలుపు అంటుతుంది. పీపీ చలించదు. ముందువైపు ఈ ప్రయోగం చేయకండి.

తెల్ల గీతల సంగతి. టాల్క్ కలిసిన పీపీని ఏదైనా గట్టిగా నొక్కుతూ జారితే టాల్క్ రేణువుల చుట్టూ ప్లాస్టిక్ సాగి, లోపల కంటికి కనపడని ఖాళీలు ఏర్పడతాయి. వాటి మీద పడ్డ వెలుతురు చెదిరి తెల్లగా కనిపిస్తుంది, ఒత్తిడి తెలుపు అంటే ఇదే. నలుపు ఎక్కడికీ పోలేదు, పదార్థం కూడా పోలేదు. అందుకే వేలికి తగలవు, అందుకే వేడికి మాయమవుతాయి. లోతైన గాడిలో పదార్థమే లేచిపోయింది. దాన్ని ఏ వేడీ తిరిగి తేలేదు.

హాట్ఎయిర్ (బొమ్మసంద్ర)

తెల్ల గీతలకి హీట్ గన్ సరైన పనిముట్టే, కానీ మీ కేసులో ఒక ప్రమాదం ఉంది, ఇంకా ఎవరూ చెప్పలేదు. ఎడమ వెనక చక్రం అన్నారు. మన దగ్గర చాలా కార్లకి పెట్రోలు మూత ఆ వైపే, చక్రానికి కాస్త పైనే ఉంటుంది. నింపుడు గొట్టం ఆ చక్రం ఆర్చ్ (పైనుండే వంపు) లోపలి నుంచే దిగుతుంది. హీట్ గన్‌లో తీగ ఎర్రగా కాలుతుంటుంది. పెట్రోలు ఆవిరి ఉన్నచోట అది నిప్పుతో సమానం. కాబట్టి క్లాడింగ్ ఊడదీసి, బల్ల మీద పెట్టుకుని చేయండి. పక్కన రంగు వేసిన బాడీ లేకపోవడం కూడా లాభమే, క్లియర్‌కోట్ పొంగుతుందన్న భయం ఉండదు.

రెండు స్పీడ్ల గన్‌లో తక్కువ సెట్టింగ్ సుమారు 300–350 డిగ్రీలు. ముక్కుకీ ప్లాస్టిక్‌కీ మధ్య 12–15 సెంటీమీటర్లు ఉంచండి. చేయి ఆగకూడదు, సెకనుకి అరచేయంత దూరం కదులుతూ ఉండాలి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఉపరితలం 110–120 దాటకుండా చూసుకోండి. పీపీ కరిగేది 160 దగ్గర, కానీ అంతకుముందే గరుకు కుంగడం మొదలవుతుంది. తెలుపు నలుపుగా మారడం కంటి ముందే కనిపిస్తుంది. మారిన క్షణమే గన్ పక్కకి తీసి చల్లారనివ్వండి. చల్లారాక ఇంకా కాస్త తెలుపు ఉంటే మరోసారి. ఒకే దఫాలో తేల్చేద్దామని నిలబెడితే ఆ చోటు తడిసినట్టు మెరుస్తుంది. గరుకు చచ్చిపోయిందన్నమాట, ఇక వెనక్కి రాదు.

పలచటి ముక్క వెనక నుంచి ఆధారం లేకపోతే వేడికి వంగుతుంది. బాడీ వంపుకి తగ్గట్టు కింద తువ్వాలు చుట్టి పెట్టండి. చల్లారేదాకా ఎత్తకండి. తడిగుడ్డ వేసి చల్లార్చడం లాంటి తొందరపాట్లు వద్దు, ఒక వైపే ముడుచుకుని ఆకారం తప్పుతుంది.

జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ సరిపోదు. లైటర్, క్యాంఫర్, గ్యాస్ స్టవ్... ఇవి అడక్కండి.

డీటెయిల్_డెస్క్ (ఇందిరానగర్)

హీట్ గన్ మీద నాకు ఒక అభ్యంతరం ఉంది. మూడేళ్లు బెంగళూరు ఎండలో నిలబడ్డ క్లాడింగ్ కొత్తప్పటి నలుపులో ఉండదు, బూడిద రంగుకి తిరిగి ఉంటుంది. గీత ఉన్నచోట మాత్రమే వేడి పెడితే, ఆ ముక్కలో అక్కడే నల్లటి మరక తేలుతుంది. తెల్ల గీత పోయి నల్ల మచ్చ వచ్చింది అని జనం మళ్లీ ఇక్కడికే వస్తారు. వేడి పెడితే జాయింటు నుంచి జాయింటు దాకా మొత్తం ముక్క సమంగా పెట్టాలి.

పైగా ఎండకి పాలిపోయినదానికి వేడితో వచ్చే నలుపు కొన్ని నెలలే. పై పొర అప్పటికే ఎండకి ఆక్సీకరణ చెంది ఉంది, వేడి దాన్ని కాసేపు కప్పుతుంది అంతే. దానికి రంగు కలిసిన ట్రిమ్ రిస్టోరర్ (పాలిపోయిన ప్లాస్టిక్‌కి నలుపు తెచ్చే ద్రవం) గానీ, ట్రిమ్ సెరామిక్ కోటింగ్ గానీ మేలు.

హాట్ఎయిర్ (బొమ్మసంద్ర)

పాలిపోయిన ప్లాస్టిక్‌కి వేడి పరిష్కారం అని నేను అనలేదు. ఒత్తిడి తెలుపుకి అన్నాను. ఆ తెలుపు మీద రిస్టోరర్ పూస్తే తడిగా ఉన్నంతసేపూ కనపడదు, ఆరాక మళ్లీ తేలుతుంది. వేడి ముందు, రంగు తర్వాత. ముక్క మొత్తానికి పెట్టాలన్న మాట ఒప్పుకుంటా.

డీటెయిల్_డెస్క్ (ఇందిరానగర్)

ఆ వరసైతే సరే. రిస్టోరర్ విషయంలో జనం చేసే పొరపాటు ఎక్కువ పోయడం. గరుకు సందుల్లో నిండి, ఆరాక జిగురుగా దుమ్ము పడుతుంది. ఫోమ్ ప్యాడ్ మీద కొన్ని చుక్కలు చాలు. చక్రం ఆర్చ్ మొత్తానికి ఒక చెంచా కూడా పట్టదు. ఐదు నిమిషాలాగి పొడి గుడ్డతో మిగులు తుడిచేయాలి. ఆ రోజు నీళ్లు తగలనివ్వకండి. మీ క్లాడింగ్ అసలు రంగు నలుపా, ముదురు బూడిదా అన్నది కుడివైపు ముక్క లోపలి అంచు చూసి తెలుసుకోండి. ముదురు బూడిదైతే నల్ల రిస్టోరర్ వేసిన ముక్క మిగతా వాటితో కలవదు, నాలుగు ఆర్చ్‌లూ చేయాల్సి వస్తుంది.

బేస్‌మెంట్_బండి (మారతహళ్లి)

ఏపీసీ, ఆల్కహాల్‌తోనే పసుపు మొత్తం పోయింది. కింద గీతలు అనుకున్నదాని కన్నా తక్కువ. వెనకవైపు అచ్చు పీపీ+ఈపీడీఎం-టీడీ20 అనే ఉంది. కానీ తుడిచినచోట అక్కడక్కడ తెల్ల చుక్కలు మిగిలాయి, బ్రష్‌కి పోవట్లేదు. ఇవి కూడా ఒత్తిడి తెలుపేనా? లోతైన గాడికి ఏం చేయాలి?

బంపర్_డాక్టర్ (పీణ్య)

చుక్కలు గుండ్రంగా, అంచు కాస్త ముదురుగా ఉంటే అవి నీళ్ల మరకలు. బోర్ నీళ్లు, ట్యాంకర్ నీళ్లతో కడిగే ప్రతి నల్ల ప్లాస్టిక్ మీద ఉంటాయి, ఎండిన ఉప్పు అది. తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి గుడ్డతో రెండు నిమిషాలు అద్ది కడిగేయండి. చుక్కలు కాకుండా సందుల్లో తెల్లటి పొడిలా ఉంటే బాడీకి వేసిన వ్యాక్స్ క్లాడింగ్ మీదికి జారి ఎండిపోయిందన్నమాట. దానికి ఏపీసీ, టూత్‌బ్రష్ మళ్లీ. వేడి పెట్టే ముందే ఇవి పోవాలి, లేకపోతే వేడికి అక్కడే పాతుకుపోతాయి.

ఇక గాడి. మొదటి పని లేచిన పీచు తీయడం. సగానికి పైగా వికారం ఆ పీచు వల్లే. అది వెలుతురు పట్టి గాడిని ఉన్నదాని కన్నా పెద్దగా చూపిస్తుంది. కట్టర్‌కి కొత్త బ్లేడు వేసి, ప్లాస్టిక్‌కి ఆనించి, దాదాపు పడుకోబెట్టి, లేచిన అంచు వరకే చెక్కండి. బ్లేడు మొద్దుబారితే కోయదు, లాగుతుంది. ఇంకా పీచు లేస్తుంది. తర్వాత బ్లేడుని నిలువుగా పట్టుకుని గాడి పొడవునా నెమ్మదిగా గీకితే మిగిలిన నూగు పోతుంది.

ఎమరీ పేపర్ తీయాలనిపిస్తుంది, తీయకండి. పీపీ మెత్తటి, సాగే రకం. రుద్దితే పొడి రాలదు, వెంట్రుకలు లేస్తాయి. రాపిడి వేడికి అవి కరిగి ముద్దలవుతాయి. తప్పదంటే 320 వాటర్ పేపర్, నీళ్లు ధారాళంగా, తర్వాత 600. కానీ ఆ చోటు గరుకు పోయినట్టే, ఇక స్ప్రే టెక్స్చర్ కొట్టక తప్పదు.

పీచు చెక్కాక గాడి మీద వేడి పెడితే అంచులు కాస్త గుండ్రబడతాయి. అర మిల్లీమీటర్ లోపు గాడి అయితే దీనితో ఆపేయమంటాను. రిస్టోరర్ పడ్డాక నాలుగడుగుల దూరంలో కనపడదు.

గుజరీ_గురూ (శివాజీనగర్)

డాక్టర్ గారు, గరుకుని తిరిగి అచ్చు వేసే పద్ధతి ఉంది కదా. పాడవని చోట నుంచి సిలికోన్ పుట్టీతో అచ్చు తీసుకుని, గాడి చుట్టూ మెత్తబడేదాకా వేడి పెట్టి, అచ్చుని నొక్కడం. సీట్ల వినైల్ బాగుచేసేవాళ్లు రోజూ చేసేదే.

బంపర్_డాక్టర్ (పీణ్య)

ఉంది, పనిచేస్తుంది. కానీ కొత్తవాళ్లు మొదటిసారే కనపడే ముక్క మీద చేయకూడదు. రెండు భాగాల సిలికోన్ పుట్టీ సమంగా కలిపి శుభ్రమైన గరుకు మీద నొక్కి, గట్టిపడ్డాక ఒలిస్తే అచ్చు వస్తుంది. చిక్కు నొక్కే సమయంలో ఉంటుంది. ప్లాస్టిక్ మెరుపు తిరిగే క్షణంలో నొక్కాలి. అంతకు ముందైతే అచ్చు దిగదు, తర్వాతైతే ముక్క కుంగుతుంది. నొక్కాక చల్లారేదాకా కదపకూడదు. గరుకు గీతలు ఏ దిక్కుకి ఉన్నాయో చూసి అచ్చు అదే దిక్కుకి పెట్టాలి, అడ్డంగా పెడితే ముద్ర వేసినట్టు ఉంటుంది. శివాజీనగర్‌లో పాత క్లాడింగ్ ముక్క ఒకటి కొని దాని మీద చేయి తిప్పాక ఆలోచించండి.

అన్నానగర్_ఆటో (చెన్నై)

గాడి లోతుగా ఉండి నింపి స్ప్రే చేద్దామనుకునేవాళ్లకి ఒక మాట. మామూలు బాడీ పుట్టీ, ఎం-సీల్, ఫెవిక్విక్ ఏవీ పీపీని పట్టుకోవు. దాని ఉపరితల శక్తి తక్కువ, అందుకే నీటి చుక్క వేస్తే పరుచుకోకుండా ముత్యంలా నిలుస్తుంది. జిగురుకీ పెయింటుకీ అదే గతి. పై నుంచి ఎంత మంచి పెయింటు కొట్టినా మొదటి ప్రెషర్ వాష్‌కి పొరలుగా లేచిపోతుంది.

దారి ఏమిటంటే అడ్హీషన్ ప్రమోటర్, అంటే పెయింటుకి పట్టు ఇచ్చే పూత. పీపీకి సరిపోతుందని డబ్బా మీద రాసి ఉండాలి, ఉత్త ప్లాస్టిక్ ప్రైమర్ అని ఉంటే చాలదు, అది ఏబీఎస్‌కే కావచ్చు. కడిగి, ఆల్కహాల్ తుడిచి, గ్రే స్కఫ్ ప్యాడ్‌తో సందుల్లోకి దిగేలా రుద్ది, మళ్లీ తుడిచి, పలచగా ఒక్క కోటు. డబ్బాపై చెప్పిన సమయం దాటకముందే దాని మీద ఫ్లెక్సిబుల్ ఫిల్లర్ గానీ టెక్స్చర్ కోటు గానీ పడాలి. పూర్తిగా ఎండిపోయాక వేస్తే ప్రమోటర్ వేయనట్టే.

టెక్స్చర్ స్ప్రే దూరం నుంచి, పొడిపొడిగా, రెండు మూడు పలచటి కోట్లు. దగ్గర నుంచి తడిగా కొడితే నున్నగా పరుచుకుని గరుకే రాదు. గాడి వరకే మచ్చలా కొట్టకండి, చుట్టూ వలయం కనపడుతుంది; అంచు నుంచి అంచుకి ముక్క మొత్తం. హార్డెనర్ కలిపే 2కే పెయింటు ఏదైనా వాడితే అందులో ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి, గుడ్డ మాస్కు పనికిరాదు. షెడ్డుకే ఇచ్చేయండి.

చెన్నైలో మాకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ పని పెద్ద తలనొప్పి, గాల్లో తేమకి పెయింటు పాలిపోతుంది. మీ బెంగళూరులో ఏప్రిల్, మే నుంచే సాయంత్రం జల్లులు మొదలవుతాయి కాబట్టి పొద్దున్నే కొట్టి మధ్యాహ్నానికి ముగించుకోండి.

పాలిమర్_పంతులు (జాలహళ్లి)

ప్రమోటర్ ఎందుకన్న అనుమానం ఉన్నవాళ్లకి: ఫ్యాక్టరీల్లో బంపర్లకి రంగు వేసేముందు గ్యాస్ మంటతో పై పొరని క్షణకాలం తాకిస్తారు. ఉపరితలం ఆక్సీకరణ చెంది పెయింటుని పట్టుకుంటుంది, నీళ్లు ముత్యాల్లా కాకుండా పొరలా పరుచుకుంటాయి. ఇంట్లో ఎవరూ చేయకండి, గరుకు కరిగిపోతుంది. ప్రమోటర్ రసాయనం చేసేది అదే పని అని అర్థం కావడానికి చెబుతున్నా.

క్లెయిమ్_కౌంటర్ (కోరమంగళ)

మార్చాలన్నారు కదా, లెక్క ముందే వేసుకోండి. మామూలు సమగ్ర పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకి బండి వయసుతో సంబంధం లేకుండా 50 శాతం తరుగు. దాని మీద తప్పనిసరి మినహాయింపు: 1500 సీసీ దాకా 1000 రూపాయలు, ఆపైన 2000. ఉదాహరణకి ముక్క ధర 4000 అనుకుంటే, తరుగు పోను 2000, మినహాయింపు పోను 1000 చేతికొస్తుంది, ఆపైన కూలీ. దాని కోసం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ లేని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది. అది మొదటి ఏడాదికి 20 శాతం, తర్వాత 25, 35, 45, 50. మూడేళ్లు క్లెయిమ్ లేకుండా ఉంటే మీది 35 శాతం మెట్టు. ఒక్క క్లాడింగ్ కోసం ఆ మెట్లు దిగడం దండగ.

పాలసీకి జీరో డిప్రిసియేషన్ జోడించి ఉంటే తరుగు కోత ఉండదు, కానీ మినహాయింపు, బోనస్ నష్టం ఉంటాయి. బోనస్ ప్రొటెక్ట్ కూడా ఉందేమో పాలసీ కాగితంలో చూసుకోండి.

గుజరీ_గురూ (శివాజీనగర్)

కొత్త ముక్క కొనాలన్నా కూలీతో కలిపి చెప్పిన ధర ఒప్పుకోకండి. విడిభాగం నంబరు అడిగి తీసుకోండి, ముక్క వెనక కూడా అచ్చు ఉంటుంది. దాంతో జేసీ రోడ్డులో అడగండి. అక్కడ బండి పెట్టే చోటు దొరకదు, కేఆర్ మార్కెట్ మెట్రోలో దిగి నడవడమే నయం. చెన్నై వాళ్లకైతే జీపీ రోడ్డు, పాత ముక్కలకి పుదుపేట. పాత ముక్క కొంటే బిగించే చెవులు అన్నీ ఉన్నాయా, ఎండలో పాలిపోయిన తీరు మీ బండితో కలుస్తుందా చూడండి.

ఊడదీసేముందు క్లిప్పులు కొనిపెట్టుకోండి. చక్రం లోపలి లైనర్ వైపు స్క్రూలు ముందు తీసి, కింది చివర నుంచి పైకి, క్లిప్ పక్కనే ప్లాస్టిక్ ట్రిమ్ టూల్ పెట్టి లాగాలి. రెండు క్లిప్పుల మధ్యలో పట్టి లాగితే క్లిప్ కాదు, క్లాడింగ్ వెనక చెవి విరుగుతుంది. స్క్రూడ్రైవర్ పెడితే బాడీ రంగు లేస్తుంది, ఆ గీత తుప్పుకి దారి. ఎండ తగిలి ముక్క వెచ్చగా ఉన్నప్పుడు తీస్తే చెవులు తక్కువ విరుగుతాయి.

నిగనిగ (హెబ్బాళ)

ఈ వేడి పద్ధతి డోర్ పిల్లర్ మీది నిగనిగలాడే నల్ల పట్టీకి పనిచేస్తుందా? గుడ్డతో తుడిచిన గీతలే వలలా ఉన్నాయి.

డీటెయిల్_డెస్క్ (ఇందిరానగర్)

అస్సలు కాదు. అక్కడ వేడి ముట్టించకండి, వంగిపోతుంది లేదా పొంగుతుంది. ఆల్కహాల్ కూడా గాఢంగా వద్దు, యాక్రిలిక్ అయితే సన్నగా చిట్లుతుంది. చుట్టూ మాస్కింగ్ టేప్ వేసి, మెత్తటి ఫోమ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్ బఠాణీ గింజంత, చేత్తోనే నెమ్మదిగా. గోరు తగిలే గీత ఉంటే 3000 గ్రిట్ తడిపి రెండు మూడు సార్లు, తర్వాత పాలిష్. అయ్యాక దాని మీద పారదర్శక పీపీఎఫ్ (గీతలు పడకుండా కాపాడే ఫిల్మ్) అంటిస్తే మళ్లీ ఈ గొడవ ఉండదు. గరుకు క్లాడింగ్‌కి మాత్రం పీపీఎఫ్ సరిగా అంటదు.

హాట్ఎయిర్ (బొమ్మసంద్ర)

బంపర్ మూల పగులు మిగిలిపోయింది. మొత్తం బంపర్ మార్చక్కర్లేదు, పీపీ వెల్డింగ్‌తో పోతుంది. పగులు చివర 3 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే అది ఇంకా ముందుకి పాకదు. వెనకవైపు నుంచి మందంలో సగం కన్నా కొంచెం ఎక్కువ లోతున వీ ఆకారంలో గాడి తీసి, పీపీ రాడ్‌తో సుమారు 300 డిగ్రీల వేడి గాలిలో నింపుతారు. రాడ్, బంపర్ రెండూ ఒకేసారి మెత్తబడాలి. రాడ్ ఒక్కటే కరిగితే పైన పడుకుంటుంది, చేత్తో లాగితే ఊడొస్తుంది. క్లిప్ చెవి దగ్గర కాబట్టి వేడి స్టేపుల్ (వేడి చేసి ప్లాస్టిక్‌లోకి దించే లోహపు పిన్ను) రెండు అడ్డంగా దిగేయమనండి. ఏబీఎస్ రాడ్‌తో వెల్డ్ చేస్తామంటే ఆ షెడ్డు నుంచి బయటికి వచ్చేయండి, రెండూ కలవవు. పార్కింగ్ సెన్సార్లు, వైరు ముందే తీసి ఇవ్వండి.

కేఆర్‌పురం_క్యాబ్ (కేఆర్ పురం)

కొబ్బరి నూనె, నల్ల షూ పాలిష్ రాస్తే ఏమవుతుంది? స్టాండులో అందరూ రాస్తారు.

డీటెయిల్_డెస్క్ (ఇందిరానగర్)

నూనె రెండు రోజులు నల్లగా ఉండి తర్వాత రోడ్డు మీది దుమ్మంతా పట్టుకుంటుంది. షూ పాలిష్ మొదటి వానకి కరిగి తెల్ల బండి మీద నల్ల చారలు దించుతుంది. డీజిల్ రాసేవాళ్లూ ఉన్నారు, అది ప్లాస్టిక్‌లోని రబ్బరు భాగాన్ని ఉబ్బిస్తుంది. నీటి ఆధారిత ట్రిమ్ డ్రెస్సింగ్ కొనుక్కుంటే కొన్ని వాష్‌ల దాకా ఉంటుంది, పెద్ద ఖర్చేం కాదు అన్నా.

బేస్‌మెంట్_బండి (మారతహళ్లి)

క్లాడింగ్ తీశాను. తెల్ల గీతలు వేడికి పోయాయి, గాడి పీచు చెక్కితే చాలా తగ్గింది, టెక్స్చర్ స్ప్రే దాకా పోదలచుకోలేదు. ఊడదీసేటప్పుడు పై అంచున ఒక క్లిప్ చెవి విరిగింది. ఫెవిక్విక్ పట్టదన్నారు కాబట్టి అడుగుతున్నా, అక్కడ డబుల్ టేప్ వేస్తే నిలుస్తుందా? రిస్టోరర్ బిగించాక వేయాలా, ముందే వేయాలా?

బంపర్_డాక్టర్ (పీణ్య)

టేప్ ముందు, బిగింపు తర్వాత, రిస్టోరర్ చివర. రిస్టోరర్ తడి టేప్ వేసే చోటికి పాకితే టేప్ పట్టదు.

3ఎం వీహెచ్‌బీ టేప్ తీసుకోండి, స్టేషనరీ షాపు ఫోమ్ టేప్ వద్దు. క్లాడింగ్ వెనక ఆల్కహాల్‌తో తుడిచి, 3ఎం ప్రైమర్ 94 పలచగా రాసి ఆరనివ్వండి. పీపీకి ఈ ప్రైమర్ లేకుండా వీహెచ్‌బీ కూడా కొన్నాళ్లకి వదిలేస్తుంది. బాడీ వైపు ప్రైమర్ అక్కర్లేదు, ఆల్కహాల్ తుడుపు చాలు. విరిగిన చెవికి అటూ ఇటూ చెరో రెండంగుళాల ముక్క వేసి, మిగతా క్లిప్పులన్నీ దిగాక ఆ చోట అరచేత్తో పదిహేను సెకన్లు గట్టిగా అదమండి. టేప్ పూర్తి పట్టుకి 72 గంటలు పడుతుంది. ఆ మూడు రోజులూ ప్రెషర్ వాష్ ఆ వైపు కొట్టనివ్వకండి, కడిగే అబ్బాయికి ముందే చెప్పి ఉంచండి. నాలుగో రోజు రిస్టోరర్.